నలభై అంగుళాల మసక

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఇంకా లేని ఆ కాలంలో, హైదరాబాద్ మొత్తానికి టీవీల గురించి అన్నీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి నాకు తప్ప మరెవరికీ తెలియకపోవడం నన్ను కొంచెం బాధించేది కూడా. వయసు ఇరవై అయిదు. ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, ఫ్యాను గాలి మొదటి రెండు బెంచీలకే అందే గదిలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కాంతి, కటకాలు, దర్పణాలు నా వంతు పాఠాలు. పిల్లలు నాకు 'లెన్స్ సార్' అని పేరు పెట్టారు. (తోటి లెక్చరర్లకు ఇంతకంటే ఘోరమైన పేర్లు ఉండేవి కాబట్టి నాది బిరుదే అనుకున్నాను.) సాయంత్రం క్లాసులయ్యాక స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తమ టీవీల గురించి రాసుకున్న గోడునంతా చదివేవాణ్ణి. ఒకాయనకు నలుపు సరిగా నల్లగా కనిపించడం లేదట. ఇంకొకాయనకు ఫుట్‌బాల్ బంతి వెనకాల తోక వస్తోందట. వాళ్ళ కష్టాలకు నా కడుపు తరుక్కుపోయేది. మా ఇంట్లో అప్పటికి ఉన్నదేమో పదిహేనేళ్ళ నాటి డబ్బా టీవీ.

అప్పట్లో మా మన్సూరాబాద్ కాలనీలో ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు టీవీ సంగతి వచ్చేది. ఎన్ని అంగుళాలు, గోడకు బిగించారా, బల్ల మీద పెట్టారా, ఉత్త హెచ్‌డీయా, ఫుల్ హెచ్‌డీయా. ఉత్త హెచ్‌డీ వాళ్ళు ఆ మాట లోగొంతులో అనేసి వెంటనే పిల్లల చదువుల్లోకి వెళ్ళిపోయేవారు. ఫుల్ హెచ్‌డీ వాళ్ళు అడక్కుండానే చెప్పేవారు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మా నాయిన భోజనం దగ్గర ముద్ద కలుపుతూ, "టీవీ ఖరాబయింది రా. మసక మసక కనవడ్తున్నది. కొత్తది తెద్దాం" అన్నాడు. నాకు చెవుల్లో తేనె పోసినట్టయింది. మా నాయిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు డ్రైవరు. నల్గొండ జిల్లాలోని మా ఊరు వదిలి వచ్చి ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టుకున్నవాడు. చొక్కా చిరిగితే కుట్టించుకునే మనిషి, టీవీ మారుద్దామని తనంతట తాను అనడం ఏమిటి అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికి తీరికెక్కడిది, అప్పటికే మనసులో గోడ కొలుస్తున్నాను.

"ఎసొంటిది గావాలె నాయినా?" అని అడిగాను, అడగాలి కాబట్టి.

"పెద్దగుండాలె. మొకాలు పెద్దగ కనవడాలె. గంతే."

ఆ అమాయకత్వానికి నేను జాలిగా నవ్వాను. పెద్దది కావాలట! కాంట్రాస్టు గురించి, పిక్సెళ్ళ గురించి, పక్కనుంచి చూస్తే రంగు మారుతుందా మారదా అన్న దాని గురించి ఈ మనిషికి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను. అన్నం ఆరిపోయేదాకా చెప్పాను. ఆయన చివర్లో, "సరే, గవన్ని గూడ పెద్దగున్నదే జూడు" అని చెయ్యి కడుక్కున్నాడు.

ఎంపికకు నాకు మూడు నెలలు పట్టింది. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి మలక్‌పేట దాకా ఉన్న టీవీ షోరూముల్లో నేను తొక్కని గడప లేదు. జేబులో టేపు, పెన్ డ్రైవు, ప్యాడ్ మీద నేను గీసుకున్న పట్టిక. షోరూముల్లో అన్ని టీవీల్లోనూ ఒకే చిలక ఎగురుతూ ఉండేది, ఒకే జలపాతం పడుతూ ఉండేది. అవి చూసి మోసపోయేవాళ్ళు మామూలు జనం. నేను పెన్ డ్రైవులో నల్లటి బొమ్మ ఒకటి పట్టుకెళ్ళి, అది పెట్టించి, షాపులో లైట్లన్నీ ఆపమనేవాణ్ణి. మెయిన్ రోడ్డు మీద ఒక షోరూములో టై కట్టుకున్న సేల్స్ అన్న ఒకాయన మొదటి రోజు నాకు కూల్ డ్రింక్ ఇచ్చాడు. రెండోసారి నీళ్ళిచ్చాడు. అయిదోసారి నన్ను గాజు తలుపు అవతలే చూసి ఫ్రిజ్జుల వెనక్కి వెళ్ళిపోయాడు. నేను ఫ్రిజ్జుల వెనక్కి కూడా వెళ్ళాను.

"అన్నా, ఇందులో నలుపు బూడిద రంగులో ఉంది చూడండి" అన్నాను.

"సార్, మీకు దండం బెడ్త. నల్లగ గావాలంటే స్విచ్చి బంద్ చేస్కోండి. గంతకంటే నల్లగ ఏ కంపెనీ ఇయ్యదు" అన్నాడాయన.

(ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడు నెలల్లో నేను విన్న సాంకేతిక సమాచారంలో నిఖార్సయినది అదొక్కటే.) చివరికి ఆయన దగ్గరే నలభై అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొన్నాను. బిల్లు చేతికిస్తూ ఆయన మొహంలో కనిపించిన ఆనందం అమ్మకం వల్ల వచ్చింది కాదు, నేను ఇక రానన్న ధైర్యం వల్ల వచ్చింది.

టీవీ గోడకెక్కింది. కాలనీలో సగం మంది వచ్చి చూసి పోయారు. నేను మాత్రం అసలు పని అప్పుడే మొదలైందన్నట్టు టేపు తీసి, ఇన్ని అంగుళాల తెరకు ఇన్ని అడుగుల దూరం అని లెక్కగట్టి, హాలు బండల మీద సుద్దముక్కతో గీత గీశాను. ఆ గీత మీద కూర్చుంటేనే బొమ్మ పూర్తి నాణ్యతతో కంటికి చేరుతుందని ఇంట్లోవాళ్ళకు పాఠం చెప్పాను. అమ్మ గీత మీద చాప వేసుకుని బుద్ధిగా కూర్చుంది. నాయిన తన ప్లాస్టిక్ కుర్చీని రెండు నిమిషాలు గీత మీద ఉంచి, తర్వాత కొంచెం ముందుకు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి టీవీకి మూరెడు దూరంలో ఉన్నాడు.

"నాయినా, గంత దగ్గర కూసుంటే ఎట్ల? చుక్కలు చుక్కలు కనవడ్తయి."

"నాకేం చుక్కలు కనవడ్తలెవ్వు. గాడికెల్లి ఏం కనవడ్తలేదు."

చదువుకోని మనిషికి సైన్సు ఎక్కదని నిట్టూర్చి, కుర్చీ వెనక్కి లాగాను. ఆ తర్వాత ఆర్నెల్లు మా ఇంట్లో నాకూ ఆ కుర్చీకీ మధ్య జరిగింది ఒక యుద్ధం. నేను వెనక్కి లాగడం, అది ముందుకు రావడం.

ఇక హెచ్‌డీతో కాపురం ఎలా ఉంటుందో ఎవరూ ముందు చెప్పరు. మొదటి వారం మామూలు కేబుల్ మీదే చూశాం. మనుషులంతా అడ్డంగా సాగిపోయి, వార్తలు చదివే ఆవిడ నుంచి వాతావరణం చెప్పే ఆయన దాకా అందరూ పెళ్ళి భోజనం చేసి వచ్చినట్టు కనిపించారు. హెచ్‌డీ బాక్సు పెట్టించాక సాగడం తగ్గింది గానీ అమ్మకు కష్టాలు మొదలయ్యాయి. ఆమె ఏళ్ళ తరబడి చూస్తున్న సీరియల్లో దేవతలాంటి పెద్దకోడలు ఉండేది. హెచ్‌డీలో మొదటి రోజే అమ్మ తెర వైపు వేలు చూపించి, "గీమె మెడ దాకనే తెల్లగున్నదేంది రా? కిందికి మనలెక్కనే ఉన్నది" అంది. రెండో రోజు పెద్దకోడలి విగ్గు అంచు కనిపించింది. మూడో రోజు ఏడుపు సీనులో కళ్ళ కింద పెట్టుకున్న మందు మెరిసింది. నాలుగో రోజు నుంచి అమ్మ సీరియల్ చూస్తూ చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒలిచే పని ఆపి చూసేది. పదేళ్ళ భక్తిని నాలుగు రోజుల్లో పోగొట్టినందుకు నేను గర్వపడ్డాను. స్పష్టత అంటే అదీ.

కానీ నాయిన మాత్రం ఒప్పుకోలేదు. "మంచిగనే ఉన్నది గని, మసక" అన్నాడు. రోజూ అదే మాట. ఎవరైనా నా బోర్డు మీది లెక్క తప్పన్నా అంత బాధపడేవాణ్ణి కాదు. రిమోట్ పట్టుకుని వెలుతురు పెంచాను. రంగు పెంచాను. బొమ్మ అంచులు పదునెక్కించే మీట ఏదో ఉంటే దాన్ని చివరిదాకా తోశాను. కొన్ని వారాలకు మా టీవీలో పచ్చిక మంటలా, ఆకాశం నీలిమందు పోసినట్టు, ముఖ్యమంత్రి దగ్గర్నుంచి మామూలు జనం దాకా అందరి మొహాలూ పండు మిరపకాయల్లా అయిపోయాయి. నాయిన కుర్చీలోంచి చూసి, "జర నయం. గని ఇంకా మసకనే" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. టీవీ వెనక విప్పి, చూసి, బిగించి, "ఏం లేదు సార్" అన్నాడు. మళ్ళీ పిలిచాను. మూడోసారి నా గొంతు వినగానే కంపెనీవాళ్ళు లోపలి బోర్డే మార్చి పోయారు. నాయిన కొత్త బోర్డు మీద కూడా అదే తీర్పు ఇచ్చాడు.

ఇంకొక్క మాట దాచకుండా చెప్పాలి. మా పాత డబ్బా టీవీని వీధి మలుపులో ఇస్త్రీ బండి పెద్దాయన పట్టుకెళ్ళాడు. ఒకరోజు బట్టలు ఇవ్వడానికి పోతే ఆయన గదిలో అదే టీవీ అద్దంలా మెరుస్తోంది. "ఏం రిపేరు చేయించినవ్ కాక?" అని అడిగాను. "ఏం లేదు బిడ్డా. దుమ్ము తుడిచిన, గంతే" అన్నాడు. మామూలు మనిషికి ఇక్కడ అనుమానం రావాలి. నేను మామూలు మనిషిని కాను కదా! వాళ్ళ గది చిన్నది, దూరం తక్కువ, అందుకని అలా కనిపిస్తోందని అక్కడే ఒక సిద్ధాంతం కట్టి, ఆయనకు కూడా వివరించి వచ్చాను. ఆయన ఇస్త్రీపెట్టె పట్టుకుని పాపం చివరిదాకా విన్నాడు.

మా పై వాటాలో రిటైరైన లెక్కల మేస్టారూ, ఆయన భార్యా ఉండేవారు. గోదావరి వైపు వాళ్ళు. నాయిన ఆయన్ని 'సార్' అనేవాడు, ఆయన నాయినను 'డ్రైవరు గారూ' అనేవారు. ఇద్దరికీ క్రికెట్ పిచ్చి. మేస్టారు నా సలహా అడగకుండానే (ఇది నేను ఇప్పటికీ మర్చిపోలేదు) ఉత్త హెచ్‌డీ టీవీ, అదీ ముప్పై రెండు అంగుళాలది కొనుక్కొచ్చారు. అడిగితే, "ఈ వయసులో మాకంత స్పష్టతతో పనేవుందోయ్" అన్నారు. మ్యాచ్ ఉన్న రోజు నాయిన మేడ మీదికి వెళ్ళిపోయేవాడు. మేస్టారికి ఒక పాడలవాటు ఉండేది. టీవీలో కామెంటరీ వస్తూనే ఉన్నా దాని మీద తన కామెంటరీ కలిపేవారు. "అదిగో వచ్చాడండీ ఎడంచేతి వాడు. ఆ పరిగెత్తాడు. వేశాడు. కొట్టాడు గానీ, ఊహుఁ, కాలికి తగిలింది" అని ఒక్క బంతి వదలకుండా. కింద హాల్లోకి కూడా వినిపించేది. ఇంత వాగుడుకాయను నాయిన ఎలా భరిస్తున్నాడా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. అలాంటిది ఒకరోజు మ్యాచ్ చూసి కిందికి దిగొచ్చి, నా గుండెలో బాకు దించాడు.

"సార్ టీవీ మంచిగున్నది రా. మొత్తం సమజయితది. మనదే మసక."

ముప్పై రెండు అంగుళాల ఉత్త హెచ్‌డీ! నా పట్టికలో మొదటి రోజే కొట్టేసిన కంపెనీ! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉంది. రెండు టీవీలను పక్కపక్కన పెట్టి, ఒకే మ్యాచ్ పెట్టి, అందరి ముందూ తేల్చేద్దామని మేస్టారితో చెప్పాను. ఆయన ఏదో అనబోయి ఆగారు. "సరేనోయ్, నీ సరదా ఎందుకు కాదనాలి" అన్నారు.

ఆదివారం ఆయనా నేనూ చెరోవైపు పట్టుకుని వాళ్ళ టీవీని మెట్ల మీద నుంచి దించాం. ఆయన భార్య ముందు నడుస్తూ, "ఏవండీ, మెట్టు... ఇంకో మెట్టు... నడుం చూసుకోండి" అని దారి చూపించింది. బల్ల మీద వాళ్ళది, దాని పైన గోడకు మాది. రెండింట్లోనూ ఒకే మ్యాచ్. నేను శాస్త్రీయంగా ఉండాలనుకున్నాను. చెవి వల్ల కంటికి పక్షపాతం వస్తుంది కాబట్టి రెండింటి సౌండూ మొత్తం ఆపేశాను. మేస్టారి వైపు తిరిగి, "మీరు కూడా ఏమీ మాట్లాడొద్దు సార్. తీర్పు నాయినదే" అన్నాను. నాయినను సరిగ్గా సుద్దగీత మీద కూర్చోబెట్టాను. కుర్చీ కదలకుండా వెనకాల నేనే పట్టుకున్నాను.

"చూడు నాయినా. నిదానంగ చూసి చెప్పు. ఏది మంచిగున్నది?"

హాలు నిశ్శబ్దంగా ఉంది. రెండు తెరల మీదా బౌలరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, బంతి వేశాడు. బ్యాట్స్‌మన్ గాల్లోకి లేపాడు, బంతి తాడు అవతల పడింది, జనం జెండాలు ఊపారు. నాయిన మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ బౌలరు వచ్చాడు, మళ్ళీ బంతి వేశాడు. స్టంపులు ఎగిరిపోయాయి. మేస్టారి చెయ్యి తనంతట తానే పైకి లేచి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

నాయిన గొంతు సవరించుకున్నాడు. "ముందు అడ్వటైజ్‌మెంట్లు కానియ్ రా. మ్యాచ్ వెట్టినంక చెప్త" అన్నాడు.

నేను నవ్వాను. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్విందీ, ఒక్కణ్ణే నవ్విందీ నేనే. "అడ్వటైజ్‌మెంటేంది నాయినా, మ్యాచే గదా నడుస్తున్నది" అన్నాను. ఎవరూ నవ్వకపోయేసరికి మేస్టారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. అప్పుడే వంటగదిలోంచి చాయ్ తెచ్చిన అమ్మ, గ్లాసు నాయినకు అందించలేదు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, తెరిచి, అందులో గ్లాసు పెట్టి, వేళ్ళు మూసింది. ఎన్నో రోజులుగా చేస్తున్న పనిలా, చూసుకోకుండా చేసింది. ఆ గ్లాసు ఆయన చేతిలో కుదురుకునేదాకా నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మూరెడు దూరంలో కుర్చీ. మసక. పెద్ద మొకాలు కావాలనడం. ఇస్త్రీ గదిలో అద్దంలా మెరిసిన టీవీ. 

"నాయినా... బస్సు..." అన్నాను. 

"భయపడకు. బండి ఇడిసిపెట్టి రెండు నెల్లాయె" అన్నాడు ఆయన, తెర వైపే చూస్తూ. "ఒకనాడు పొద్దుగాల ఎదురొచ్చే బండ్ల లైట్లన్ని పగిలినట్టు కనవడ్డయి. ఎన్క నలభై మంది పోరగాండ్లున్నరు. బస్సు పక్కకాపి, కాలేజీకి ఫోన్ జేసి, ఇంకో డ్రైవర్‌ను తోలుమన్న. గా తెల్లారి తాళాలు ఇచ్చేసిన. షెడ్డుల పని ఇచ్చిన్రు. బస్సులు కడుగుడు, టైర్లల్ల గాలి జూసుడు. చెయ్యి తోని జూసేదే గదా."

"మాకెందుకు చెప్పలె?"

"మీ పెద్దనాయిన సంగతి యాదికి లేదా? కంటికి కత్తి వెట్టిన్రు, ఉన్న సూపు గూడ పాయె. మసకనన్న ఉన్నది గదా అనుకున్న. నువ్వేమో టీవీల్నే ఖరాబు ఉన్నదని రోజు బాగు జేస్తుంటివి. సరే, జేసుకోని అని ఊకున్న."

అమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నా మీద ఒట్టు వెట్టుకున్నడు రా, నీకు చెప్పొద్దని" అంది. నేను మేస్టారి వైపు తిరిగాను. ఆయన నెమ్మదిగా లేచి వచ్చి, నాయిన కుర్చీ ముందు బండల మీద, నేను గీసిన గీత చెరిగిపోయేలా కూర్చున్నారు.

"డ్రైవరు గారూ, నాకు అనుమానంగానే ఉందండీ. ఓసారి మనవాళ్ళ వికెట్ పడితే మీరు చప్పట్లు కొట్టారు. అందుకేగా ప్రతి బంతీ అంతలా వాగుతుంటా. మా ఆవిడైతే నాకు మతి పోయిందనుకుంది." తర్వాత తన కళ్ళద్దాలు తీసేశారు. "ఇటు చూడండి. దగ్గరికి రండి. నాకు రెండు కళ్ళూ ఆపరేషనైంది. నాలుగేళ్ళు దాటింది."

నాయిన ముందుకు వంగి, మేస్టారి గడ్డం పట్టుకుని, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర నుంచి ఆయన కళ్ళలోకి చూశాడు. "మీకా? మరి ఎన్నడు చెప్పకపోతిరి సార్?"

"మీరూ చెప్పలేదుగా మరి."

ఇద్దరూ నవ్వారు. నా టీవీల పోటీలో ఎవరు గెలిచారని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మర్నాడు మేస్టారే మమ్మల్ని మలక్‌పేట వైపు ఒక కంటి దవాఖానకు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నాయిన కళ్ళలోకి లైటు వేసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని చెప్పింది. నాయిన చేతిని మేస్టారు వదల్లేదు. డాక్టరమ్మ నా వైపు చూసి, "ఎన్నాళ్ళయింది మసకగా కనిపిస్తోందని చెప్పి?" అంది.

"ఏడాది కావొస్తోంది మేడం. మేం టీవీలో లోపమనుకున్నాం."

"మీరేం చేస్తుంటారు?"

"ఫిజిక్స్ లెక్చరర్‌ని."

"ఓ. ఏ చాప్టర్లు?"

అబద్ధం చెబుదామా అని నిజంగానే ఆలోచించాను. "కాంతి. కటకాలు. మనిషి కన్ను, దాని లోపాలు" అన్నాను. ఆమె మర్యాదస్తురాలు. చీటీ మీద ఏదో రాసుకుంటూ తలెత్తలేదు. రాయడానికి అక్కడ అంత ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు.

ముందు ఒక కన్ను, కొన్ని వారాలకు రెండోది. మొదటి ఆపరేషన్ రోజు నాయిన, తన బస్సు ముందే లారీ బోల్తా పడ్డప్పుడు కూడా బెదరలేదని చెప్పుకునే మనిషి, నా చొక్కా అంచు పట్టుకుని లోపలి తలుపు దాకా నడిచాడు. బయట బెంచీ మీద నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పెద్దనాయిన మొహం, మూసుకుపోయిన ఆయన కన్ను గుర్తుకొస్తూనే ఉన్నాయి. పక్కన మేస్టారు ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన మాట్లాడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

మర్నాడు కట్టు తీశారు. ఇంటికొచ్చి, నల్లద్దాలతో ఒకప్పటి సుద్దగీత చోట కూర్చుని, నాయిన టీవీ పెట్టమన్నాడు. పెట్టాను. ఒక్క నిమిషం చూసి ఉలిక్కిపడి అద్దాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓరి, ఏందిరా గీ రంగులు! అందరికి మొకాలకు కుంకుమ పూసినట్టున్నదేంది? గిట్లెట్ల సూస్తున్నరు మీరు?"

"ఆర్నెల్ల సంది గిదే సూస్తున్నం. నీకోసమని నీ కొడుకు పెట్టిండు" అంది అమ్మ. ఆర్నెల్లుగా మిరపకాయ మొహాలను ఎందుకు భరించిందో, నన్ను ఒక్కమాటైనా ఎందుకు అనలేదో నేను అడగలేదు. రిమోట్ తీసుకుని, తోసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చాను. నాయిన ఈలోగా టీవీ చూడటం మానేసి అమ్మను చూస్తున్నాడు. చాలాసేపు చూసి, "ముసలిదానివైనవ్ గదనే" అన్నాడు.

"నువ్వేదో పెండ్లి పిలగాని లెక్క ఉన్నట్టు! పోయి అద్దంల చూస్కో" అంది అమ్మ. ఆయన నిజంగానే లేచి పోయి అద్దంలో చూసుకున్నాడు. 

కొన్ని నెలలకు డాక్టరమ్మ సరేనంది. పరీక్షలన్నీ అయ్యాయి. కాలేజీవాళ్ళు తాళాలు తిరిగి ఇచ్చారు. మొదటి రోజు పొద్దున్నే నాయిన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని, షెడ్డు నుంచి ఖాళీ బస్సు తెచ్చి కాలనీ మొదట్లో ఆపి, "ఎక్కు. దిల్‌సుఖ్‌నగర్ల దించుత" అన్నాడు. ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. ఎల్బీ నగర్ చౌరస్తా దాటింది మొదలు ఆయన బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కటి వదల్లేదు. చెప్పుల దుకాణం, పళ్ళ దవాఖాన, బిర్యానీ సెంటర్, 'ఇచ్చట గదులు కిరాయికివ్వబడును', హాస్టల్ కాగితాలు, కల్యాణ మండపం, పాత సామాను కొంటాం, అన్నీ పెద్దగా, ముప్పై ఏళ్ళుగా రోజూ తిరిగిన రోడ్డులో మొదటిసారి వెళ్తున్నవాడిలా. నేను అవునవునంటూ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. ఎదురుగా లెక్చరర్లందరి ఫోటోలతో మా కోచింగ్ సెంటర్ పెట్టిన పెద్ద హోర్డింగు.

"గా మూడో వరుసల పిల్లగాడెవడో మన లెక్కనే ఉన్నడు."

"నేనే నాయినా."

"నువ్వా? గింత తెల్లగ ఎప్పుడైనవ్ రా?"

"కంప్యూటర్ల చేసిన్రు."

"కింద ఏమో రాసిన్రు. ని... నిష్ణా... నిష్ణాతులు. గంటే ఏంది?"

నేను కొంచెం ఆగి చెప్పాను. "అన్ని తెల్సినోళ్ళు అని."

 నాయిన తన నెత్తి మీది అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. మీసాల కింద నవ్వు స్పష్టంగా కనిపించింది. అంతలో దీపం పచ్చగా మారింది, ఆయన గేరు వేశాడు.

ఆ హోర్డింగు మరుసటి ఏడాదే తీసేశారు. ఇప్పుడు నేను నా పిల్లలకు టీవీ కొనేటప్పుడు వాళ్ళేది చెబితే అది తెస్తున్నాను. అయినా ఆ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కళ్ళు పైకి పోతాయి. అంత తెల్లగా, అంత ధీమాగా, టై బిగించుకుని నిలబడ్డ ఆ ఇరవై అయిదేళ్ళ కుర్రాణ్ణి ఇంకొక్కసారి చూడాలని ఉంటుంది. కోపమేమీ లేదు. వాళ్ళ నాయిన ఏమైనా అంటున్నాడేమో, రిమోట్ కింద పెట్టి విను అని చెప్పడానికి.